నీళ్ళలో నిప్పు పడే రోజు

చలికాలం వెళ్ళిపోయే ముందు ఒక నిప్పుకణిక మొదట గాలిలో, తర్వాత నీళ్ళలో, చివరికి నేలలో పడుతుందని మాతర్ పట్నం చుట్టుపక్కల ఊళ్ళలో అనుకుంటారు. నీళ్ళలో పడే రోజున హనియా పుట్టింట్లో మేకల్ని సరస్సుకి తోలుకెళ్ళి కాళ్ళు తడిపేవాళ్ళు. ఇక ఏడాదంతా వాటి గిట్టలకి ఏ జబ్బూ రాదని వాళ్ళమ్మ ధైర్యం.

సర్కారు సరస్సుని పక్షులకి వదిలిపెట్టాక మేకలు నీళ్ళలోకి దిగకూడదన్నారు. అప్పటికే హనియా అక్కడ సందర్శకుల్ని నడిపించే పనిలో చేరింది. ఆ కబురు ఊళ్ళోకి మోసుకెళ్ళాల్సిందీ ఆమే. అంతే, అక్క మబ్రూకా మాట్లాడటం మానేసింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పక్కవాళ్ళతో, "ఆఫీసరమ్మ వచ్చింది, కుర్చీ వెయ్యండర్రా" అంటుంది. అందరూ నవ్వుతారు. హనియా కూడా నవ్వి, ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోముతుంది.

ఆ ఆదివారం నీళ్ళలో నిప్పు పడే రోజు. బిజెర్తా పట్నం నుంచి పదిమంది దాకా హనియాతో నడకకి వచ్చారు. సరస్సు మీద పొగమంచు నిద్రలో ఊపిరిలా కదులుతోంది. ఎండు రెల్లు అవతల బూడిదరంగు పెద్దబాతులు తలలు వంచి మేస్తున్నాయి.

"ఉత్తరానికి ఎగిరే ముందు బలం పుంజుకుంటున్నాయి. ఇప్పుడు బెదిరితే దారిలో అలిసిపోతాయి" అంది హనియా గుసగుసగా.

కట్ట మీద గంటలు మోగాయి. మబ్రూకా, ముందు నల్లమేక, వెనక మంద.

"నేను దగ్గితేనే కసిరావు కదమ్మా! మేకలకి లేదా ఆ రూలు?" అన్నాడు నడకకి వచ్చినవాళ్ళలో సాలెం అనే ముసలి పోస్టుమాన్.

హనియా ఎదురెళ్ళింది. "అక్కా, ఆగు."

మబ్రూకా మేకతో అంది: "పదవే. ఆఫీసరమ్మ టిక్కెట్టడుగుతుందేమో, చెవికున్న బిళ్ళ చూపించు."

కట్ట మీది దారి ఊరిదే. దిగితేనే తప్పు. కాపలావాణ్ణి పిలవడానికి చేతిలో ఫోనుంది. పిలిస్తే ఈ జన్మకి అక్క లేనట్టే. ఊరుకుంటే బాతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. హనియా నల్లమేక మెడపట్టా పట్టుకుని నిలబడింది. అక్క ముఖంలో కోపం వెతికింది. కనిపించింది దిగులు. కిందటేడు అక్క మందలో సగం గిట్టల జబ్బుతో కుంటిందని ఊళ్ళో ఎవరో అనగా విన్నది గుర్తొచ్చింది.

"సాలెం మామా, నీ సీసా ఇలా ఇవ్వు."

మంచినీళ్ళు పారబోసి, ఒక్కతే మెల్లగా రెల్లు చాటున దిగి, సరస్సు నీళ్ళు ముంచుకొచ్చింది. చేతులు కొంకర్లు పోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని నల్లమేక కాళ్ళ మీద పోసింది. మేక తన్నింది.

"నిప్పు పడిన నీళ్ళేనా ఇవి? మంచుముక్కల్లా ఉన్నాయి!" అంటూ పోస్టుమాన్ ఇంకో సీసా అందించాడు.

మిగతావాళ్ళు కూడా సీసాలు తీశారు. అవతల ఒక్క బాతూ తలెత్తలేదు. మబ్రూకా కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసింది.

ఆఖరి మేక దగ్గరికొచ్చేసరికి హనియా వేళ్ళకి స్పర్శ లేదు.

"వెనక కాలు పొడిగానే ఉంది. కళ్ళు కనపడట్లేదా నీకు?" అంది మబ్రూకా.

ఈసారి మేకకి కాదు, ఆ తిట్టు నేరుగా తనకే. హనియా తలెత్తడానికి భయపడి, సీసా పట్టుకుని మళ్ళీ నీళ్ళకి దిగింది.