మూడో జిరాక్స్

ఆ రోజుల్లో కోపం కూడా ఒక అర్హతేనని నా నమ్మకం. ఎంత తొందరగా వస్తే అంత తెలివైనవాడి కింద లెక్క. గ్రూప్-2 రాయడానికి తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు నా సూట్‌కేసులో నాలుగు జతల బట్టలు, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా ఉన్నాయి. కోపాన్ని మాత్రం విడిగా, చేతికి అందేలా పట్టుకొచ్చాను. చిక్కడపల్లిలో ఒక మేడ రెండో అంతస్తు గదిలో దిగిన మొదటి వారంలోనే కుళాయితో, మెస్సులో సాంబారుతో, నారాయణగూడ స్టాపులో ఆపకుండా వెళ్లిపోయిన బస్సుతో, రీడింగ్ హాల్లో వేలు తడిచేసుకుని పేజీలు తిప్పే ఒక పెద్దమనిషితో గొడవ పెట్టుకున్నాను. (బస్సుతో గొడవేమిటని అడగకండి. అది కనుమరుగైపోయాక కూడా చాలాసేపు పెట్టుకున్నాను.) ఇప్పుడు నాకు నలభై తొమ్మిది. పొద్దున్నే టిఫిన్‌కి ముందు బీపీ మాత్ర వేసుకుంటాను. ఆనాటి నన్ను చూసి మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆనాటి సంగతుల్లో ఒక అబద్ధం ఉంది. ఇరవై మూడేళ్లుగా మా స్నేహితుల మధ్య జోకుగా తిరుగుతోంది. దాన్ని పుట్టించింది నేనే. అది సరిచేయడానికే ఈ రాత.

గదిలో మేం ముగ్గురం. ఒకడు పొట్టోడు, బ్యాంకు పరీక్షలకు చదివేవాడు. (ఆరడుగులుంటాడు, అందుకే ఆ పేరు.) ఇంకొకాయన జగిత్యాల వైపు నుంచి వచ్చిన అన్న. మా ఇద్దరికన్నా ఏడేళ్లు పెద్ద. ఇంటి దగ్గర భార్య, అప్పుడే పుట్టిన పాప. ఆయనకు కనబడిన ప్రతిదానికీ పదికి మార్కులు వేసే అలవాటు. అశోక్ నగర్ చౌరస్తాలో చాయ్ తాగితే, "ఆరు. అల్లం ఉన్నది గని మనసు లేదు" అనేవాడు. వాన పడితే, "నాలుగు. ఉరిమినంత కురువలే." అందుకని ఆయనకు మార్కులన్న అనే పేరు పడింది. నా కోపానికి మందు కనిపెట్టింది కూడా ఆయనే. ఒక రోజు నేను కుళాయి దగ్గర కింది వాటావాళ్లతో అరిచి పైకి రాగానే, రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి నా ముందు పడేశాడు.

"ఏంటన్నా ఇది?"

"నీ నోరు. ఇగ కోపమొస్తే దీంట్ల అరుసుకో. మెయిన్స్ జవాబు లెక్క రాయాలె. ఉపోద్ఘాతం, కారణాలు, పర్యవసానాలు, నివారణ, ముగింపు. మూడు దినాలయినంక నేను దిద్దుత."

"మూడు రోజులెందుకు?"

"సల్లారనియ్యి. వేడి వేడి జవాబు దిద్దితే నా చెయ్యి కాలుతది."

అలా మొదలైంది. 'నేటి ఉదయం కుళాయి వద్ద తలెత్తిన ఆగ్రహానికి గల కారణాలను చర్చించి, నివారణ మార్గాలను సూచించుము' అని ప్రశ్న కూడా నేనే వేసుకుని, మార్జిన్ గీసుకుని, ముఖ్యమైన మాటల కింద గీతలు కొట్టుకుంటూ రాసేవాణ్ణి. నీటి సరఫరా లోపాలు, పట్టణీకరణ, పొరుగువారి స్వార్థం ఇలా ఐదారు కారణాలు రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టేది, కోపం ఎటో పోయేది. తలనొప్పి కూడా తగ్గేది. (అప్పట్లో అరిచిన ప్రతిసారీ నాకు తల వెనక సుత్తితో కొట్టినట్టు ఉండేది. చదువు ఎక్కువై అనుకునేవాణ్ణి.) మూడో రోజు అన్న ఎర్ర పెన్ను తీసి, పొట్టోడికి కూడా వినిపించేలా చదివేవాడు. మాకు నవ్వు ఆగేది కాదు. మార్కులు మాత్రం ఎప్పుడూ మూడు దాటేవి కావు. పక్కన ప్రతిసారీ ఒకటే వ్యాఖ్య: "కారణాలల్ల నీ పేరు ఏది?"

ఆ ఏడాది గ్రూప్-2 ప్రిలిమ్స్ వచ్చింది. నాకు ముందు ఇంకా చాలా పరీక్షలున్నాయి. అన్నకు మాత్రం వయసు రీత్యా అదే ఆఖరుది. ఆయన పరీక్షకు ముందురోజు సాయంత్రమే ఓనరమ్మ దగ్గర ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి చొక్కా సిద్ధం చేసుకుని మేకుకు తగిలించాడు. "నలిగిన అంగి తొడుక్కుంటే జవాబులు గూడ నలుగుతయ్" అని ఆయన సిద్ధాంతం. ముందురోజు సాయంత్రమే అన్న మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. ఇద్దరికీ సెంటరు ముషీరాబాద్‌లో ఒకే బడి. పొద్దున ఎనిమిదింటికే బయలుదేరాం. దారిలో అశోక్ నగర్‌లో జిరాక్స్ షాపు కనబడగానే, హాల్‌టికెట్ ఇంకో కాపీ తీయించుకుంటానని ఆగాను.

"రెండు కాపీలు జేబుల ఉన్నయ్ గదరా. మూడోది ఎవరికి?" అన్నాడు అన్న.

"జాగ్రత్త కోసం అన్నా. ఒక్క నిమిషం."

లైన్లో పదిహేను మంది. అందరూ నాలాంటి జాగ్రత్తపరులే. కదలదు. పది నిమిషాలకు నా చెవులు వేడెక్కాయి. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఒకడు అందరినీ తోసుకుంటూ ముందుకు వెళ్లాడు. ఇంక చూడండి, రెండు వందల పేజీల నోటుబుక్కులో పట్టనంత కోపం ఒక్కసారిగా వచ్చింది. వాడి పెంపకం దగ్గర మొదలుపెట్టి దేశభవిష్యత్తు దాకా వెళ్లాను. వాడు ఏదో చెప్పబోతుంటే చొక్కా పట్టుకోబోయాను. కళ్లముందు నల్లగా అయింది, ముక్కులోంచి వెచ్చగా ఏదో కారింది. ఆ తర్వాత నాకు తెలిసింది షాపు మెట్టు ఒక్కటే. అది నా గడ్డానికి తగిలింది. (నేను తిట్టినవాడు లైనులో దూరలేదు. మిషన్లో కాగితం అయిపోతే కట్ట పట్టుకొచ్చిన షాపాయన తమ్ముడు. నన్ను లేపి కూర్చోబెట్టి ముక్కు పట్టుకున్నది కూడా అతనే.)

అన్న నన్ను ఆటోలో వేసుకుని చిక్కడపల్లిలో ఒక చిన్న క్లినిక్కుకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ బీపీ పట్టీ చుట్టి, కళ్లజోడు పైనుంచి చూసింది. "ఈ వయసులో ఇంత బీపీ ఏంటి బాబూ? ఎవరితో యుద్ధం?"

"లైన్లో మధ్యలో దూరాడండీ..."

"దూరలే డాక్టరమ్మా. కాగితం కట్ట తెచ్చిండు," అన్నాడు అన్న.

ఆవిడ నవ్వలేదు. "నీకు కోపం వచ్చినప్పుడు కొట్టుకునేది నీ గుండె, అతనిది కాదు. అతను ఈపాటికి టీ తాగుతుంటాడు. ఇలాగే అరుస్తూ పోతే ఈ బీపీ నీలో కాపురం పెట్టేస్తుంది. అరవబోయే ముందు 'ఇది ఎవరికి అవసరం?' అని ఒక్క ప్రశ్న వేసుకో. ఊపిరి నిండా పీల్చి, మెల్లగా వదిలేదాకా జవాబు చెప్పకు," అంది. రెండు కుట్లు వేయాలి, ముక్కు ఆగేదాకా కూర్చోబెట్టాలి, మళ్లీ బీపీ చూడాలి. అన్న గోడ గడియారం వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ గడియారం వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, నా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ముందురోజు మేకుకు తగిలించిన ఆ ఇస్త్రీ చొక్కాకు ఇప్పుడు నా రక్తం మరకలు. 'నువ్వెళ్లన్నా' అనే మాట నేను అనలేదు. కుట్లు వేస్తున్నారు కాబట్టి నోరు తెరవలేకపోయానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. కుట్లు గడ్డం కింద. నోరు బాగానే ఉంది. దాంతో నర్సును రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

మేం బయటికొచ్చేసరికి ముషీరాబాద్‌లో గేటు మూసేసి చాలాసేపైంది. గదికి రాగానే, ముందురోజు పొద్దున ఊరెళ్లి అప్పుడే తిరిగొచ్చిన పొట్టోడు నా కట్టు చూసి, "ఏమైందిరా?" అని కంగారుపడ్డాడు. నిజం చెప్తే నవ్వుతాడు. నవ్వితే నాకు మళ్లీ కోపం వస్తుంది. చెప్పడం మొదలుపెట్టేదాకా ఏం చెప్తానో నాకే తెలియదు. "అన్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాడు. లేటైపోయింది. పరుగెత్తుతుంటే పడ్డాను" అనేశాను. అన్న మంచినీళ్లు తాగుతున్నాడు. గ్లాసు దించి నన్ను ఒక్క క్షణం చూశాడు. "ఔ. జర ఇస్త్రీ లేటయింది," అన్నాడు.

కాసేపటికి నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను రాశాను. కారణాలు: రద్దీ, ఎండ, జిరాక్స్ షాపు నిర్వహణలో లోపాలు. పర్యవసానాలు: రెండు కుట్లు. మూడో రోజు ఆయన ఆ పేజీ తీసి చదివాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. సున్నా కూడా వేయలేదు. నెల తిరక్కుండా జగిత్యాల వెళ్లి ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాడు. వెళ్తూ నోటుబుక్కు నా మంచం మీద వదిలిపెట్టాడు. తర్వాతి పరీక్షలో నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్లి, నారాయణగూడలో ఫ్లాటు, మాత్రలు, అన్నీ వరుసగా వచ్చాయి. వాట్సాప్ వచ్చాక పొట్టోడు మా బ్యాచ్‌కి గ్రూపు పెట్టాడు. అన్న పుట్టినరోజుకు ఏటా ఇస్త్రీపెట్టె బొమ్మ పెడతాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వే బొమ్మే పెట్టేవాణ్ణి. అన్న చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవాడు.

మొన్న వేసవిలో ఆయన కూతురు గ్రూప్స్ కోచింగుకని అశోక్ నగర్ హాస్టల్లో దిగింది. పలకరిద్దామని వెళ్లాను. టీకొట్టు దగ్గర నిలబడి తాగుతున్నాం. మొదటి గుక్కకే, "ఐదు" అంది. నాకు చాయ్ గొంతులో అడ్డం పడింది. నేను సర్దుకునే లోపే అడిగింది. "కాకా, ఒక మాట. బాపు నిజంగనే ఇస్త్రీ చేసుకుంట పరీక్ష పోగొట్టుకున్నడా? మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తది, మీకు నౌకరి కన్న అంగి ఎక్కువాయె అని. బాపు ఉల్టా ఒక్క మాట అనడు. గ్యాస్ గోలీ ఏసుకుని పంటడు."

చౌరస్తాలో హారన్లు మోగుతున్నాయి. నేను అరిచిన కోపం నాకు బీపీగా మారితే, ఆయన మింగిన కోపం ఇన్నాళ్లూ ఆయన కడుపులో మండుతోందన్నమాట. నిలబడ్డచోటే అంతా చెప్పాను. మూడో జిరాక్స్ దగ్గర మొదలుపెట్టి, గోడ గడియారం దాకా. ఆ పిల్ల ఖాళీ కప్పు చెత్తడబ్బాలో వేసి, "నాకు చెప్పుడు కాదు కాకా. రాసియ్యి," అంది.

ఇంటికెళ్లి అటకమీది నోటుబుక్కు దింపాను. ఆ పేజీలో, పాత రాత కింద రాశాను. కారణాలు: నేను. పర్యవసానాలు: అన్న ఆఖరి పరీక్ష, అన్న పేరు, అన్న కడుపుమంట. నివారణ: 'నువ్వెళ్లన్నా' అనే ఒక్క మాట. ముగింపు అని రాసి, ఏమీ తోచక ఖాళీగా వదిలేశాను. ఆ పేజీని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. నోటుబుక్కు ఆ పిల్లతో జగిత్యాల పంపించాను. పొట్టోడు మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "నువ్వు మనిషివేనా?" అని పెట్టేశాడు. కోపం రాలేదు. ఊపిరి పీల్చి వదిలాను, డాక్టరమ్మ చెప్పిన ప్రశ్నను ఆనాటి అన్న మాటల్లో వేసుకున్నాను: మూడోది ఎవరికి?

సరిగ్గా మూడు వారాలకు నోటుబుక్కు తిరిగొచ్చింది. (మూడు దినాలు ఈసారి చాలినట్టు లేవు.) ఇరవై మూడేళ్లు ఖాళీగా ఉన్న మార్జిన్లో ఎర్ర ఇంకు: "పదికి ఎనిమిది. జవాబు కరెక్టే. సమయపాలన లేదు." దాని కింద, నేను ఖాళీగా వదిలిన ముగింపు దగ్గర, ఇంకో వాక్యం. "ఆదివారం బిడ్డను చూడ వస్తున్న. చౌరస్తాల చాయ్ ఇంకా ఆరేనా చూద్దాం."

ఈ రోజు శనివారం. సాయంత్రం ఐదైంది. మా ఆవిడ వచ్చి, "రేపటి కోసం ఇప్పుడే ఇస్త్రీ ఏమిటండీ?" అని అడిగింది. ముందురోజు సాయంత్రమే చేసుకుంటే ఎవరికీ ఆలస్యం కాదని చెప్పాను. చొక్కా మేకుకు తగిలించి, దూరంగా నిలబడి చూసుకున్నాను. కాలరు దగ్గర చిన్న ముడత ఉంది. ఏడు వేస్తాడేమో.