మామయ్య తిప్పిన గడియారం

మా మామయ్య నగరపాలక సంస్థలో ఎన్నికల గుమాస్తా. కౌన్సిలర్‌గా నిలబడేవాళ్ల నామినేషన్లు తీసుకోవడం ఆయన పని. మధ్యాహ్నం మూడింటితో గడువు సరి, రూలు అది. కానీ ఈ మహానుభావుడు తొందరగా తలుపు మూసి టీకి పోవడానికి గోడగడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి పెట్టాడు. ముప్పై ఏళ్లు అలాగే సాగింది. పరుగున వచ్చి బతిమాలినవాళ్లకు గడియారం వైపు వేలు చూపించేవాడు. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది, ఆయనకు సొంత అక్క!

రిటైరయ్యాక ఆయనకే కౌన్సిలర్ కావాలని బుద్ధి పుట్టింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతి వాచీలో మూడుకి మూడు నిమిషాలుండగా ఆఫీసు మెట్లెక్కాడు. ఆ ఐదు నిమిషాలు జనానికే గానీ తనకు కావనుకున్నాడు కాబోలు. తలుపు మూసేసి ఉంది. కొత్త గుమాస్తా కిటికీలోంచి గోడ వైపు వేలు చూపించాడు.

"టైమైపోయిందండీ. మీరు పెట్టిన పద్ధతే కదా!"

గడియారం తప్పంటే, తిప్పిందెవరో చెప్పాలి. పెద్దమనిషి ఎక్కిన మెట్లే దిగాడు.

ఇంటికొచ్చి, "నా వాచీ స్లో అయిందే" అని అత్తయ్యతో చెప్పి, దాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పుకున్నాడు.