సలాడ్‌లో తేలిన బిరడా

మాంటానాలో మా పక్క పొలం ఆర్ఫా లిండ్‌క్విస్ట్‌ది. డెబ్బై దాటినా, కోళ్ల జోలికొచ్చిన నక్కల సంగతి ఆవిడే చూసుకునేది. ఆవిడ రైఫిలు, ట్రిగ్గరు దగ్గరుండే లివరు పిడిని కిందికీ పైకీ ఆడించి పేల్చే రకం. పట్టేవి మాత్రం పిస్టల్ తూటాలే. నడుముకున్న పిస్టల్‌కీ దీనికీ ఒకే డబ్బా సరిపోతుందనీ, భుజం నొప్పి పుట్టదనీ మురిసిపోయేది. మొగుడు డెల్మర్‌ని కూడా దాన్ని ముట్టనిచ్చేది కాదు.

ఒక శనివారం, లోపల తూటాలు లేవని చూసుకుని, శుభ్రం చేద్దామని వంటగది బల్ల మీద దాన్ని విప్పింది. తూటాలుండే గొట్టం కొసన బిరడా వదులు చేసిందో లేదో, లోపలి పొడుగాటి స్ప్రింగు ఎగిరొచ్చి డెల్మర్ ఒళ్లో పడింది. బిరడా ఎటు పోయిందో తెలీలేదు.

"బల్ల కింద చూడు."

"చూశాను. నా నడుం అక్కడే ఉండిపోయింది."

మర్నాడు చర్చి భోజనాల్లో పాస్టర్ హాల్వర్ గారు బంగాళాదుంప సలాడ్ రెండోసారి వడ్డించుకుంటుంటే ఆర్ఫాకి తట్టింది, నిన్న ఆ గిన్నె కూడా బల్ల మీదే ఉందని. గబగబా వెళ్లి గిన్నె లాక్కుంది.

"ఏంటమ్మా, మాకు పెట్టవా?"

"ఉప్పు తగ్గింది పాస్టర్ గారూ, తినకండి."

అప్పటికే ఆయన నోట్లో టక్కుమంది. రుమాల్లోకి ఊసి, వేళ్లతో అటూ ఇటూ తిప్పి, పెదాలు చప్పరించారు. మేమంతా చెంచాలు ఆపేశాం.

"తూటాల గొట్టం బిరడా కదూ? ఇంత నూనె పూస్తే ఎలాగమ్మా? చలికి గడ్డకట్టి లివరు కదలదు."

సలాడ్‌ని అన్నా ఊరుకునేదేమో. ఆర్ఫా మొహం ఎర్రబడింది.

"మీకూ ఇలాంటిది ఉందా?"

"మా నాన్నది ఉంది."

"శనివారం పట్టుకురండి. మీ శుభ్రం చూద్దాం."

తెచ్చారు. తమాషా చూద్దామని నేనూ వెళ్లాను. ఆర్ఫా గుడ్డ చుట్టిన కడ్డీని ఆయన తుపాకీ గొట్టంలో దూర్చి లాగితే కుంపటి ఊడ్చినట్టు మసి. వెనకాలే ఒక సాలెపురుగు.

"ఎప్పుడు తుడిచారు?"

"పెళ్లికి ముందు."

"ఎవరి పెళ్లికి?"

"నా పెళ్లికే."

ఆయన మనవరాలికి ఆ ఏడే పెళ్లయింది. ఆర్ఫా చొక్కా చేతులు పైకి మడిచి స్క్రూడ్రైవరు అందుకుంది. సాయంత్రానికి లివరు చూపుడువేలితో కదిలింది. పాస్టరు గారు చిన్నపిల్లాడిలా ఆడించి ఆడించి చూసుకున్నారు.

"నూనె గురించి ఆరోజు నేనన్నది మనసులో పెట్టుకోకమ్మా."

"పెట్టుకుంటాను," అంది ఆర్ఫా, ఆయనకి కాఫీ పోస్తూ.