మావగారి పుల్ల, కోడలి చెంబు

ఆ పళ్ల డాక్టరుగారికి దేన్నయినా పుల్ల గుచ్చి చూడనిదే నమ్మకం కుదరదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల పళ్లు గుచ్చారు. రిటైరయ్యాక నోరు తెరిచేవాళ్లు కరువై, బాల్కనీలో కుండీలో ఉన్న జూనిపర్ అనే బోన్సాయ్ చెట్టు మీద పడ్డారు. చెట్టంటే జానెడే. దానికి జరిగే మర్యాదలు మాత్రం ఇంట్లో ఆరడుగుల కొడుక్కి కూడా లేవు.

రోజూ పొద్దున్నే మట్టిలో పుల్ల గుచ్చుతారు. తీసి కళ్లజోడు సర్దుకుని చూస్తారు, వాసన పీలుస్తారు, చెంపకి ఆనించుకుంటారు. అంతసేపూ కోడలు చెంబు పట్టుకుని నిలబడాలి.

"పొయ్యనా మావయ్యగారూ?"

"తడుంది. రేపు చూద్దాం."

ఆమె చేసిన కేకుకీ ఇదే పరీక్ష. "లోపల పచ్చిగా ఉందమ్మాయ్" అని తీర్పు చెప్పి, రెండు ముక్కలు లాగించేవారు.

చలికాలంలో ఆయన కంటి ఆపరేషన్‌కని చెల్లెలింటికి వెళ్లి కొన్ని వారాలు ఉండిపోయారు. చెట్టు కోడలి చేతికొచ్చింది. పాపం చలికి వణుకుతుందని దాన్ని హాల్లోకి తెచ్చి, టీవీ పక్కన పెట్టి, పూటకో చెంబెడు నీళ్లు పోసింది. పుల్ల జోలికి పోలేదు. బిడ్డకి ఆకలేస్తోందో లేదో ఎవరైనా పుల్ల గుచ్చి చూస్తారా?

మావగారు తిరిగొచ్చి, పుల్ల గుచ్చి, వాసన పీల్చి, ఇంకోసారి గుచ్చి చూశారు.

"ఎలా ఉంది మావయ్యగారూ?"

"దివ్యంగా ఉంది. కానీ ఇకమీదట దీని మీద నువ్వు చుక్క నీరు పోసినా ఊరుకోను."

కోడలికి ఒళ్లు మండింది. ఇంత చాకిరీ చేస్తే దక్కిన సన్మానం ఇదా! చెట్టు మళ్లీ బాల్కనీకి చేరింది. ఆ తర్వాత ఆమె చెంబుతో అటువైపు తిరిగితే చాలు, పుల్ల అడ్డం పెట్టేవారు. నీళ్లు పొయ్యడం కూడా చేతకాని మనిషిగా ఆ ఇంట్లో మిగిలిపోతానేమోనని ఆమెకి బెంగ పట్టుకుంది.

ఎండలు ముదిరాక ఓ రోజు ఆయన బయటికెళ్లగానే, కసికొద్దీ చెంబెడు నీళ్లూ చెట్టు నెత్తిన కుమ్మరించింది. నీళ్లు పచ్చగా కారి పాదాల మీద పడ్డాయి. చెట్టు ఎండుగడ్డి రంగుకి తిరిగింది. కోడలు కుండీ ఎత్తుకుని వీధి చివరి నర్సరీకి పరిగెత్తింది.

నర్సరీ ఆయన గోటితో బెరడు గీరి చూశాడు. "ఇది చలికాలంలోనే పోయిందమ్మా. ఇంట్లో పెట్టి అన్నేసి నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లవూ? జూనిపర్ చచ్చాక కూడా కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తుంది."

"మావయ్యగారికి తెలీదా మరి?"

"తెలియకేం! పచ్చదనం పోతుంటే ఏ రంగు వెయ్యాలని నన్నే అడిగారు. ఆయిల్ పెయింట్ వెయ్యమంటే, వాసనకి కోడలు పట్టేస్తుందని పిల్లల వాటర్ కలర్ పూశారు. 'పిచ్చిపిల్ల, తెలిస్తే అన్నం మానేస్తుందయ్యా' అన్నారు."

కోడలికి ముందు సిగ్గేసింది. తర్వాత, ఆపరేషనైన కళ్లతో మావగారు కొమ్మ కొమ్మకీ రంగు పూసుకుంటూ కూర్చున్న వైనం తలుచుకుంటే నవ్వాగలేదు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి బాల్కనీలో కొత్త జూనిపర్ ఉంది. పాతది ఎడమకి వంగి ఉండేది, ఇది కుడికి వంగింది. ఆయన అలవాటుగా పుల్ల గుచ్చారు. చెట్టునీ, కోడలి పాదాల మీది ఆకుపచ్చ మరకల్నీ మార్చి మార్చి చూశారు.

"చెట్టు బాగా పుంజుకుందమ్మాయ్."

"అంతా మీ చలవే మావయ్యగారూ."

ఆయన గొంతు సవరించుకుని, పుల్ల తుడిచి ఆమె చేతిలో పెట్టారు.

"రేపట్నించి నువ్వే చూసుకో. టీవీ మాత్రం చూపించకు."