ఈ సిమ్మూ, ఆ సిమ్మూ

కడియపులంకలో సత్యం గారి తోట ఎక్కడంటే ఎవరైనా దారి చెబుతారు. ఆయన అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. అన్నవరం స్వామికి మొక్కుకుని పెట్టిన పేరు గనక గౌరవంగా దాచిపెట్టి, పిలవడానికి సత్యం ఉంచుకున్నారు. ముప్పయ్యేళ్లుగా నర్సరీ నడుపుతున్నారు. ఆయనకి ఎరుపు కనపడదు.

అంటే ఎర్రవస్తువు కనపడదని కాదు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటే. రెండూ వడలిన తమలపాకులా ఉంటాయి. చిన్నప్పుడు లోకానికంతా అలాగే ఉంటుందనుకున్నారు. కాదని పెళ్లయిన వారానికి తెలిసింది. బుల్లెమ్మ ఎర్రచీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, “ఆకుపచ్చ నీకు బాగా నప్పిందే” అన్నారు. ఊళ్లో ఆకుపచ్చ చీర కట్టే మనిషి ఎవరా అని బుల్లెమ్మ కొన్నాళ్లు ఆరా తీసింది. ఎవరూ తేలకపోయేసరికి అనుమానం భర్త గుణం మీంచి కళ్లమీదికి మళ్లింది.

నర్సరీ పెడదామన్నది ఆవిడే. “రంగులు నేను చూసుకుంటాను, మిగతావి మీరు చూసుకోండి” అంది. మిగతావంటే మట్టి, నీళ్లు, అంటుమొక్కలు, లారీలు, మనుషులు. ఏ వరసలో ఏ రంగుండాలో ఆవిడ పెట్టిస్తుంది, ఆయన వరసలు గుర్తుపెట్టుకుంటారు. తణుకు నుంచి ఎవరైనా వచ్చి ఎర్రమందారం అడిగితే సత్యం గారు తిన్నగా బోరింగు పక్క వరసకి నడుస్తారు. రంగులు ఆయనకి తెలీవు గానీ అవి ఎక్కడుంటాయో తెలుసు. దానికంటే ఎక్కువ తెలిసినవాళ్లు కూడా ఆ దారిలో అంత దూరమే నడుస్తారు.

ఈ సంగతి మూడోమనిషికి తెలీదు. తెలిస్తే కొంపలేం మునగవని ఒక్కోసారి ఆయనకే అనిపించేది. కానీ మొక్కల వ్యాపారం నోటిమాట మీద నడిచేది. పూత పూసేదాకా మొక్క రంగు చెప్పేది అమ్మినవాడి నోరే. ‘సత్యం గారు ఎరుపన్నారంటే ఎరుపే’ అన్న పేరొకటి ఉంది. ఆ కంట్లో ఎరుపే లేదని బయటపడితే, అందులోనూ పక్కతోట ఉదయభాస్కర్‌కి తెలిస్తే, సాయంత్రానికి టీకొట్లో ఆయనకి ఇంకో పేరు తయారవుతుంది. ఉదయభాస్కర్ నోట్లో నువ్వుగింజ నానదు.

అలాంటి మనిషి బ్యాంకాక్ వెళ్లాల్సి వచ్చింది.

కారణం అగ్లోనిమా. అది పువ్వులకోసం కాక ఆకుల రంగుకోసం పెంచుకునే కుండీ మొక్క. పట్నాల్లో ఎర్ర అగ్లోనిమా లేని ఇల్లు ఇల్లు కాదన్నట్టు తయారైంది. మంచి తల్లి మొక్కలు బ్యాంకాక్ సంతలో దొరుకుతాయని నర్సరీ రైతులు కొందరు జట్టుగా బయల్దేరారు. మొక్క సరిగ్గా పడితే పిలకలు తీసుకుంటూ ఏళ్లతరబడి తినచ్చు. తప్పు మొక్క పడితే ఆ తప్పే పిలకలు వేస్తుంది. బుల్లెమ్మ వెళ్తే గొడవే లేదు. కానీ రాజమండ్రి బస్సెక్కితే వేమగిరి దాటకుండానే ఆవిడకి వాంతులు. విమానం మాటెత్తితే కడుపు పట్టుకుంది.

“మొక్క ముందర ఫోన్ పెట్టండి. వీడియోలో చూసి చెబుతాను” అంది. “కానీ రంగుల పేర్లు పైకి అనకూడదు. పక్కన ఆ ఉదయభాస్కర్ ఉంటాడు. ఎరుపుకి మా పెద్దత్త అంటాను. ఆకుపచ్చకి చిన్నత్త.”

“వాళ్లేం చేశారే?”

“ఇద్దరూ పోయారుగా. ఏమనుకోరు.”

ఇక కావలసింది అక్కడ పనిచేసే ఫోన్. రాజమండ్రిలో విజయ్ పాల్ మొబైల్ షాపుకి వెళ్లారు.

“మన సిమ్ అక్కడ పనిచెయ్యదు బాబాయ్ గారూ. ఈ-సిమ్ వేయించుకోండి.”

“ఏ సిమ్?”

“ఈ-సిమ్మండి.”

విజయ్ పాల్ చేతిలో ఏ సిమ్మూ లేదు. సత్యం గారు ఆ ఖాళీ చేతివంక కాసేపు మర్యాదగా చూశారు.

“ఏదీ?”

“కనపడదండి. ఫోన్లోపలే ఉంటుంది.”

కనపడకుండా ఉండేవి కొన్ని ఉంటాయని సత్యం గారికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సరేనన్నారు. విజయ్ పాల్ కంప్యూటర్ మీద గళ్లగళ్ల బొమ్మ ఒకటి తెప్పించి, ఫోన్ దానికి చూపించి, ఏవో నొక్కాడు. అయిపోయిందన్నాడు. మొక్కల మనిషి ఫోను గనక పనిలో పనిగా పాత సిమ్ బయటికి లాగి, దానికి పట్టిన మట్టి తుడవడం మొదలుపెట్టాడు. గోరంత సిమ్‌ని వేళ్లమధ్య పట్టుకుని తుడుస్తూనే జాగ్రత్తలు చెప్పాడు.

“ఒక్కటి గుర్తుంచుకోండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ-సిమ్ మాత్రం తీసెయ్యకండి. తీసేస్తే మళ్లీ రాదు.”

ఇప్పుడు సిమ్ ఎదురుగా కనపడుతోంది. అయినా మనిషి జాగ్రత్తపరుడు, మరోసారి అడిగారు.

“ఈ సిమ్మే కదా?”

“ఆఁ, ఈ-సిమ్మే” అన్నాడు విజయ్ పాల్, సిమ్ లోపలికి తోస్తూ.

బ్యాంకాక్‌లో విమానం దిగీదిగగానే అందరూ ఫోన్లు తీశారు. సత్యం గారూ తీశారు. నెట్ లేదు. సెట్టింగుల్లోకి వెళ్తే రెండు సిమ్‌లు కనిపించాయి. ఒకటి తన పాత నంబరు. రెండోది ఏదో ఇంగ్లీషు పేరుతో, ముక్కూమొహం తెలియనిది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అనలేదు. ఈ సిమ్ తియ్యద్దన్నాడు గానీ ఆ సిమ్ తియ్యద్దని విజయ్ పాల్ చెప్పలేదు. తొలగించమన్నారు. నిజంగానే తొలగించమంటారా అని ఫోన్ మళ్లీ అడిగింది. పెళ్లిచూపుల్లో కూడా ఆయన్ని ఎవరూ రెండోసారి అడగలేదు. ఔనన్నారు.

వ్యాను విమానాశ్రయం నుంచి తిన్నగా సంతకే తీసుకెళ్లింది. కాళ్లకి అడ్డం పడేటన్ని మొక్కలు. మంచివి మధ్యాహ్నం లోపే వెళ్లిపోతాయని ముందే చెప్పారు. సత్యం గారు ఫోన్ తీశారు. ఎండలోకి పట్టారు, నీడలోకి పట్టారు, ఆపేసి మళ్లీ పెట్టారు. బుల్లెమ్మ రాలేదు.

“ఏంటండీ సత్యం గారూ, హారతిస్తున్నారు?” అన్నాడు ఉదయభాస్కర్ వెనకనుంచి.

“నెట్ రావట్లేదండి.”

“ఓస్, అంతేనా. నా హాట్‌స్పాట్ పెట్టుకోండి. కాకపోతే నా పక్కనే నడవాలి. దూరం జరిగారో, మీరెవరో నేనెవరో.”

వేరే దారి లేదు. ముందు విజయ్ పాల్‌కి చేశారు.

“ఏ సిమ్ తీసేశారు బాబాయ్ గారూ?”

“ఆ సిమ్మయ్యా.”

“ఆ సిమ్ అంటే?”

“ఈ సిమ్ కానిది.”

“మరి ఈ-సిమ్?”

“భద్రంగా ఉంది. నువ్వు అంత గట్టిగా చెప్పాక దాని జోలికెందుకు వెళ్తాను?”

“ఉంటే నెట్ రావాలి కదండీ?”

“అదే కదా నేనూ అడుగుతున్నాను.”

విజయ్ పాల్‌కి కాసేపటికి వెలిగింది. “అయ్యో బాబాయ్ గారూ! ఈ-సిమ్ అంటే ఇంగ్లీషు ఈ అండి!”

“ఇంగ్లీషు ఈ అని అప్పుడన్నావా? తెలుగులోనే అన్నావు.”

అది నిజమే గనక విజయ్ పాల్ వాదించలేదు. కొత్తది సాయంత్రానికి పంపుతానన్నాడు. సాయంత్రానికి ఇక్కడ ఖాళీ బల్లలు మిగులుతాయి. సత్యం గారు ఉదయభాస్కర్‌కి ఆనుకుని నిలబడి, బుల్లెమ్మకి వీడియో కలిపారు.

బుల్లెమ్మది తోట ఆ చివరి కూలీలకి వినపడే గొంతు. ఫోన్లో మాట్లాడుతున్నా ఆవిడ దూరాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

“అదిగో, ఆ మూల పెద్దత్త ఉంది చూడండి! కొంచెం వాడింది గానీ పనికొస్తుంది. పక్కన చిన్నత్త, దాన్ని ముట్టుకోకండి. వెనకాలది పెద్దత్త కూతురు. లేతగా ఉంది, వద్దు.”

ఉదయభాస్కర్ ఆ మూలకి తొంగి చూశాడు.

“మీ ఆవిడ పెద్దత్తగారు ఇక్కడున్నారేంటండీ?”

“లేరండి. పోయారు.”

“మరి ఆ మూల ఉందంటోందేంటి?”

“జ్ఞాపకం వస్తూ ఉంటారండి.”

“వాడిపోయిందంటోంది.”

“పోయేముందు బాగా చిక్కిపోయారు లెండి.”

ఉదయభాస్కర్ పాపం అన్నట్టు తలాడించాడు. అత్తల సాయంతో నాలుగైదు మొక్కలు కొన్నారు. ఆ తర్వాతి కొట్లో సత్యం గారు ఆగిపోయారు. రెండు కుండీలు పక్కపక్కన ఉన్నాయి. పిడికిలంత మొదలు, చుట్టూ గుంపుగా పిలకలు. ఇంత బలమైన తల్లి మొక్క సంతలో ఇంకెక్కడా కనపడలేదు. ఫోన్ ఎత్తారు. బుల్లెమ్మ కళ్లు పెద్దవి చేసింది. “అబ్బ! అదిగో, అదేనండీ, ఆ...” అంటూ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నెట్ పోయింది.

చూస్తే ఉదయభాస్కర్ కొబ్బరిబోండాం తాగడానికి అవతలి వరసకి పోయాడు. కొట్టు దగ్గర టోపీ పెట్టుకున్న ఎవరో పరదేశి ఆ రెండు కుండీల్లో ఒకదాని మీద చెయ్యి వేసి బేరం మొదలుపెట్టాడు. కదిలి వెళ్తే రెండూ పోతాయి. సత్యం గారు రెండో కుండీ పట్టుకుని కేకేశారు.

“ఉదయభాస్కర్ గారూ! ఇటు రండి!”

అతను బోండాంతో సహా వచ్చాడు. ఫోన్‌లో బుల్లెమ్మ ఇంకా నోరు తెరుచుకునే ఉంది. టోపీ మనిషి జేబులో చెయ్యి పెట్టాడు. సత్యం గారు ముప్పయ్యేళ్లలో బుల్లెమ్మని తప్ప ఎవర్నీ అడగని మాట అడిగారు.

“ఈ రెంటిలో ఎర్రది ఏదండీ?”

ఉదయభాస్కర్ నవ్వబోయాడు. ఆయన మొహం చూసి ఆగాడు. కుండీలు చూశాడు. మళ్లీ ఆయన్ని చూశాడు. అత్తలిద్దరూ అతని బుర్రలో ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నట్టు తెలుస్తూనే ఉంది. ఎర్ర అగ్లోనిమా కోసమే అతనూ ఇంతదూరం వచ్చాడు.

“మీరు పట్టుకున్నదేనండి” అన్నాడు.

నిజమో కాదో తెలుసుకునే ఉపాయం సత్యం గారి దగ్గర లేదు. అబద్ధం చెప్పినవాడి మొహం ఎర్రబడుతుందంటారు. అదీ ఆయనకి అక్కరకొచ్చేది కాదు. పట్టుకున్న కుండీ ఎత్తి గుండెకి ఆనించుకుని కొట్టువాడి వైపు తలాడించారు. రెండోది టోపీ మనిషి పట్టుకుపోయాడు.

అప్పుడు నెట్ వచ్చింది.

“పెద్దత్తనే పట్టారే!” అని అరిచింది బుల్లెమ్మ. వెంటనే గొంతు తగ్గించింది. “ఎవరు చెప్పారు?”

“ఉదయభాస్కర్ గారు.”

బుల్లెమ్మ ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

“ఫోన్ ఆయనకివ్వండి” అంది.

ఇన్నేళ్లూ కంచెకి ఇటూ అటూ ఉన్నా, ‘మీ లారీ అడ్డం తియ్యమనండి’ అని గాల్లోకి అనడమే తప్ప, బుల్లెమ్మ అతన్ని ఏ వరసతోనూ పిలిచింది లేదు.

“అన్నయ్యగారూ” అంది. “ఆయన కళ్ల సంగతి మీ చెల్లెలి ఇంటి సంగతి. మీ చేతిలో పెడుతున్నాను. తర్వాత మీ ఇష్టం.”

ఉదయభాస్కర్‌కి అప్పటికే నలుగురు చెల్లెళ్లు. అయిదో చెల్లెలి అవసరం బొత్తిగా లేదు. కానీ ఆడమనిషి అన్నయ్యా అని నోరారా పిలిచాక పలక్కపోతే గోదావరి జిల్లాల్లో తలెత్తుకు తిరగడం కష్టం.

“అలాగే చెల్లెమ్మా” అన్నాడు, బోండాం కింద పెట్టి. “ఇంకే మొక్క కావాలో చెప్పు. నేను చూపిస్తాను.”

ఆపైన బేరాలన్నీ అన్నాచెల్లెళ్లే చేశారు. సత్యం గారు సంచులు మోశారు. సంత అయిపోయాక ఉదయభాస్కర్ ఫోన్ తిరిగిచ్చి, ఆయన భుజమ్మీద చెయ్యి వేశాడు.

“అయితే మీరు నాకు బావగారయ్యారన్నమాట.”

ఆ మాటలో ఎంతుందో సత్యం గారికి అప్పుడు తట్టలేదు. వ్యాను కూడలిలో ఆగినప్పుడు తెలిసింది. “బావగారూ, ఎర్రదీపమండి. అందుకని ఆగాం” అన్నాడు. హోటల్లో పుచ్చకాయ ముక్క అందిస్తూ, “బాగా పండిందండి, నన్ను నమ్మండి” అన్నాడు. జట్టులో వాళ్లకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. బావాబావమరుదుల వేళాకోళం అర్థం అవక్కర్లేదు గనక నవ్వి ఊరుకున్నారు.

ఉదయభాస్కర్ మాట తప్పలేదు. ఊరొచ్చాక కూడా ఎవరికీ చెప్పలేదు. టీకొట్లో మాత్రం, “బావగారికి ఆకుపచ్చ టీ పొయ్యవయ్యా” అనేవాడు. మొక్కలొచ్చాయి, పిలకలు వేశాయి, ఎర్రగానే ఉన్నాయని బుల్లెమ్మ చెప్పింది. ముప్పయ్యేళ్ల భయం రోజుకోసారి అందరి మధ్యకీ వచ్చి కూర్చుని, ఎవరికీ కనపడకుండా లేచిపోతోంది. సత్యం గారికి అది భరించడం కష్టమైంది. పగవాడి చేతిలో ఉన్న రహస్యమైతే భయపడి ఊరుకోవచ్చు. బావమరిది చేతిలో ఉన్నదానికి భయపడటం కూడా కుదరడం లేదు.

ఒకరోజు పొద్దున్న టీకొట్లో అందరూ ఉండగా లేచి నిలబడ్డారు.

“నాకు ఎరుపు కనపడదండి” అన్నారు. “పుట్టినప్పట్నుంచీ అంతే. రంగులన్నీ మా ఆవిడే చూస్తుంది.”

కొట్టంతా గొల్లుమంది. ఒకాయనకి పొలమారి వీపు రాయాల్సి వచ్చింది. ఇన్నాళ్లకి బావగారు కూడా జవాబు చెప్పడం నేర్చారన్నారు. సత్యం గారు అది వేళాకోళం కాదన్నారు. ఇంకా నవ్వారు.

ఉదయభాస్కర్ నవ్వలేదు. గ్లాసు బల్లమీద పెట్టి లేచాడు.

“పదండి బావగారూ” అన్నాడు. “లారీ వచ్చి ఉంటుంది. మొక్కలెక్కిద్దాం.”