కొంగు చాటు నవ్వు

ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్లకు పాలిష్ పట్టే ఆ ఫ్యాక్టరీ గేటు ఇప్పుడు నవ్వితేనే తెరుచుకుంటుంది. పనివాళ్లు సంతోషంగా ఉండాలని యజమాని కెమెరా పెట్టించాడు. వరసగా మూడు రోజులు నవ్వకపోతే పని పోతుంది. చాలామంది చేదు మందు మింగిన మొహంతోనే ఇంత నవ్వి లోపలికి పోతారు. రాళ్లు కడిగే ఓబుళమ్మకు ఆ కష్టం లేదు. ఆటో గుంతలో పడినా నవ్వుతుంది, తన చెప్పు తెగినా నవ్వుతుంది. కాకపోతే నవ్వు వచ్చిందంటే, నీళ్లలో నాని పాలిపోయిన ఆ చెయ్యి దానంతటదే కొంగును నోటికి అడ్డం తెస్తుంది. యాభై ఏళ్ల అలవాటు. కొంగు వెనక ఏముందో కెమెరాకేం తెలుసు? రెండు రోజులుగా గేటు తెరవకుండా ఆమెను నవ్వనివాళ్ల జాబితాలో వేసింది.

మూడో రోజు సూపర్‌వైజర్ వీరభద్ర గేటు దగ్గరే నిలబడ్డాడు. "కొంగు తియ్యక్కా! దానికి పండ్లు కనపడాలంట. ఈ పొద్దు గూడా గేటు తెరుచుకోకుంటే నీ పని పోతాది." ఓబుళమ్మ కొంగు నడుముకు దోపింది. సంతలో వయసు చూడటానికి ఎద్దు నోరు తెరిచినట్టు, వేళ్లతో తన పెదవులు సాగదీసి పళ్లన్నీ కెమెరాకు చూపించింది. గేటు తెరుచుకుంది. లోపలికి నాలుగడుగులు వేశాక కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది.

"ఇప్పుడేంటికి నగుతాండావక్కా?" అన్నాడు వీరభద్ర.

"దానికి కావాల్సిన పండ్లు సూపిచ్చినా గదప్పా," అంది ఓబుళమ్మ కొంగు తియ్యకుండానే. "ఇది నాది."