పోని కణాలు

జల్లెడక్క కసిరితే కణాలు కూడా వరసలో నిలబడేవి. సరే, నిలబెట్టేది యంత్రం, సన్నటి ధారలో ఒక్కొక్కటిగా. కసురు మాత్రం అక్కదే. ప్రయోగశాలకు దానంగా వచ్చిన ప్లీహాన్ని, అంటే కడుపులో ఎడమపక్కన రక్తాన్ని వడగట్టే అవయవాన్ని, కోసి, సన్న జల్లెడ మీద మెత్తగా రుద్ది, కణాలు దించడం ఆవిడ పని. పేరు అలా వచ్చింది.

రోగాన్ని గుర్తుపట్టి విరుగుడు తయారుచేసే బి కణాలు చాలావరకు కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు రక్తంలో తిరుగుతుంటాయి. రంగులు వేసి చూస్తే, అవి పట్టే తీరును బట్టి ప్లీహం వదలని రకం ఒకటి వేరే ఉందని అక్క వాదన. "ఇల్లరికం అల్లుళ్ళు. కదిలితే ఒట్టు" అనేది.

ప్రయోగశాల నడిపే పెద్దసారు ఒప్పుకోలేదు. "చచ్చిన కణం ఏ రంగు వేసినా పట్టేస్తుందమ్మా. నువ్వు కొత్త రకం అంటున్నవి శవాలు. బతికున్నవి చూపించు, లేదా ఆ మాట వదిలెయ్."

ఆ ఉదయం వచ్చిన ప్లీహం రోడ్డు ప్రమాదంలో పోయిన కుర్రవాడిది. దానానికి సంతకం పెట్టిన తల్లి, ప్లీహం తెచ్చిన పెట్టె వెనకాలే మెట్లు దిగి వచ్చి నడవాలో బల్ల మీద కూర్చుంది. లోపలివాళ్ళకు తెలియదు.

తాను కొత్త రకమంటున్న కణాలను యంత్రం వేరుచేశాక, వాటిలో అక్క నీలిరంగు చుక్క కలిపింది. చచ్చిన కణం నీలం తాగుతుంది, బతికున్నది తాగదు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, యంత్రం నడిపే పిల్లను కేకేసింది.

"పోలేదే! ఒక్కటీ పోలేదు!"

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఆ కుర్రవాడి తల్లి.

"ఎవరు పోలేదు తల్లీ? మావాడేనా?"

అక్క సూక్ష్మదర్శిని ముందు నుంచి లేచింది.

"అక్కా, బయటివాళ్ళు రాకూడదని రూలు..." అంది పిల్ల.

"రూలుని నడవాలో కూర్చోబెట్టు." అక్క తల్లి వైపు తిరిగింది. "అబ్బాయి పోయాడమ్మా. అందులో మార్పు లేదు. వాడి కణాలు కొన్ని ఇంకా పోలేదు. ఎంతసేపో ఉండవు. చూస్తారా?"

తల్లి చాలాసేపు చూసింది. నీలం అంటని చుక్కలు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏం చేస్తాయివి?"

"కాపలా కాస్తాయి. ఉన్నచోటు వదలవు."

"వాడు ఒక్కపూట ఇంటిపట్టున ఉండేవాడు కాదు" అని తల్లి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

సాయంత్రం పెద్దసారు కూడా చూసి, కొత్త రకమేనన్నారు.

ఇదంతా నిజమేనా అని అడిగితే జల్లెడక్క ఇప్పటికీ కసురుతుంది. "ఏ తల్లి? మా గదిలోకి బయటివాళ్ళు రారు. నడవాలో అసలు బల్లే లేదు. అలాంటిదేమీ జరగలేదు."